దుమ్ము లాగే పైపుకు వేలు పోయాలా?

వడ్రంగం పని గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దుమ్ము గోలే. తిరుపతి చుట్టుపక్కల ఇప్పుడు ఏ కొత్త ఇల్లు చూసినా ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో నొక్కి చేసే పలక) కబోర్డులు, ప్లైవుడ్ వంటగదులే. దుమ్ము కాక ఇంకేం వస్తుంది? అందుకే రంపాల పదును, పాలిష్ ప్రశ్నలు ఈసారికి పక్కన పెట్టాను. వాటి గురించి రాసినవాళ్లు ఏమీ అనుకోకండి, వచ్చే నెల మీ పనే.

చిన్న షెడ్డులో కబోర్డుల పని చేస్తున్నా సార్. చెక్కను రుద్ది నున్న చేసే అయిదంగుళాల శాండర్, అంచులు, గాళ్లు తొలిచే రౌటర్, చేతి కట్టర్ ఉన్నాయి. ఇంట్లో పక్కన పడేసిన వ్యాక్యూమ్ క్లీనర్ తెచ్చి పెట్టుకున్నా. దాని గొట్టం పొట్టిది, శాండర్ దుమ్ము వదిలే మూతికి పట్టదు కూడా. కంపెనీ డస్ట్ హోస్ ధర అడిగితే దాదాపు శాండర్ ధర చెప్పారు. చౌకలో చేసుకునే దారి ఉందా?
*– ఒక వడ్రంగి, రేణిగుంట*

ఉంది నాయనా. కంపెనీ పైపు చెడ్డదని నేను చెప్పను. మెత్తగా ఉంటుంది, పైన నున్నటి తొడుగు ఉంటుంది, ముట్టుకుంటే చురుక్కుమనదు. కానీ మన పనికి అసలు కావాల్సింది ఏంది? లోపల దారి ఇరుకు కాకూడదు. అతుకుల దగ్గర గాలి లీకు కాకూడదు. శాండర్ తిప్పుతుంటే పైపు చేతికి ఎదురు తిరగకూడదు. ఈ మూడూ మన అంగళ్లలో దొరికే సరుకుతోనే సాధించవచ్చు.

అంగడికి పోయే ముందు కొలతలు తీసుకోండి. టేపు పనికిరాదు, మిల్లీమీటరు కన్నా తక్కువ తేడా కూడా కొలిచే వెర్నియర్ కావాలి. శాండర్ మూతి లోపలి కొలత, బయటి కొలత రెండూ రాసుకోండి. కొన్ని మిషన్లకు పైపును పైనుంచి తొడగాలి, కొన్నింటికి లోపల దూర్చాలి. చిన్న మిషన్ల మూతులు ఎక్కువగా 27 నుంచి 36 మిల్లీమీటర్ల మధ్యలో ఉంటాయి. ఒకే కంపెనీ శాండర్ మూతీ రౌటర్ మూతీ కూడా కలవకపోవచ్చు. వ్యాక్యూమ్ క్లీనర్ నోటి కొలత కూడా అదే కాగితం మీద ఉండాలి.

ఇక పైపు. వాషింగ్ మెషీన్ నీళ్లు బయటికి పోయే పైపు అన్నిటికంటే చౌక, చాలామంది ముందు దాని మీదే పడతారు. అది మరీ సన్నం. శాండర్ నుంచి వచ్చే మెత్తటి పొడికి ఏదో నడుస్తుంది గానీ, రౌటర్‌కు తగిలించారంటే కాసేపటికే పొట్టు బిగుసుకుపోతుంది. మడి కాడ మోటార్లకు వాడే ఆకుపచ్చ సక్షన్ పైపు ఇంకో రకం. గట్టిది, నలగదు, కానీ బరువు. వంగనంటుంది. గోడ వెంబడి కదలకుండా పోయే దారికి అది బాగానే ఉంటుంది, చేతిలోని శాండర్‌కు మాత్రం వద్దు. సాయంత్రానికి మణికట్టు నొప్పి పెడుతుంది.

మీరు తీసుకోవాల్సింది వ్యాక్యూమ్ క్లీనర్లకు స్పేరుగా వచ్చే ముడతల పైపు. మిక్సీలు, క్లీనర్లు రిపేరు చేసే అంగళ్లలో అడగండి. కొన్నిచోట్ల మీటర్ల లెక్కన కోసి ఇస్తారు, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. లోపలి కొలత 32 నుంచి 38 మిల్లీమీటర్లు ఉండాలి. వీలైతే మీ క్లీనర్‌ను కూడా బండి మీద పెట్టుకుని పోండి. అంగట్లో ప్లగ్గు పెట్టించి, పైపు ఒక చివర క్లీనర్‌కు ఆనించి, రెండో చివర అరచేత్తో మూయండి. పైపు కొంచెం పొట్టి అయితే ఫర్వాలేదు, అది మామూలే. గోడలు లోపలికి కుంగి అతుక్కుపోయాయంటే మాత్రం ఆ పైపు అక్కడే వదిలేసి రండి. తర్వాత పిడికిలి చుట్టూ వంచి చూడండి, వంపు దగ్గర నొక్కుకుపోకూడదు. అంగడాయన విసుక్కుంటాడు, విసుక్కోనీయండి.

సన్న పైపైతే ఏం పోయిందని అడుగుతారేమో, లెక్క చూడండి. 25 మిల్లీమీటర్ల పైపుకూ 38 పైపుకూ కంటికి పెద్ద తేడా కనపడదు. కానీ లోపలి వైశాల్యం రెండింతలు దాటుతుంది. అంతే గాలిని అంతే దూరం లాగాలంటే సన్న పైపులో పడే ఎదురు ఒత్తిడి దాదాపు ఎనిమిదింతలు. పైగా ముడతల పైపులో గాలికి అడ్డు ఎక్కువ, నున్నటి పీవీసీ పైపులో తక్కువ. అందుకని క్లీనర్ దగ్గరినుంచి బల్లదాకా పీవీసీ పైపు వేసి, చివరి రెండు మీటర్లు మాత్రం ముడతల పైపు పెట్టుకుంటే డబ్బూ మిగులుతుంది, లాగుడూ బాగుంటుంది. అలాగని రెండున్నర అంగుళాల పైపు తెచ్చి పెట్టకండి. ఇంటి క్లీనర్ లాగే గాలికి అంత పెద్ద పైపులో వేగం చాలదు, రౌటర్ చెక్కులు మధ్యలోనే కూలబడతాయి.

అతుకుల విషయం కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే చౌక పైపు పెట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది చెడగొట్టుకునేది ఇక్కడే. శాండర్ మూతికి పైపు పట్టలేదని ప్లాస్టర్ టేపు చుట్టేస్తారు. శాండర్ వణుకుకు, వేడికి ఆ జిగురు కరిగి రెండో రోజే జారిపోతుంది. దాని బదులు వ్యవసాయ పైపుల అంగడిలో పీవీసీ పైపు ముక్కలు అడగండి. అక్కడ అంగుళం పైపు అంటే బయటి కొలత 32 మిల్లీమీటర్లు, అంగుళంపావు అంటే 40, అంగుళంన్నర అంటే 50. ఇళ్ల ప్లంబింగ్‌కు వచ్చే తెల్ల పైపు కొలతలు వేరు, అందులో అంగుళం పైపు బయటి కొలత 33.4 మిల్లీమీటర్లు. రెండు రకాలూ కలిపి కొంటే ఏదీ ఏదాంట్లోనూ పట్టదు.

మీ మూతికి సరిగ్గా సరిపోయే పైపు దొరక్కపోతే సాగదీయాలి. మీరు వడ్రంగి కాబట్టి ఇది సులువు. టేకు తునక ఒకటి తీసుకుని శాండర్ మూతి బయటి కొలతకు గుండ్రంగా చేసుకోండి. ఒక చివర కొంచెం సన్నగా, నున్నగా రావాలి. దాని మీద కొంచెం సబ్బు రుద్దండి. మూడంగుళాల పీవీసీ ముక్కను పట్టకారుతో పట్టుకుని మసిలే నీళ్లలో ముంచండి. పీవీసీ 80 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, నీళ్ల వేడి చాలు. కాసేపటికి ముక్క అంచు నొక్కితే లొంగుతుంది. వెంటనే గ్లోవ్స్ వేసుకున్న చేత్తో ఆ టేకు ముక్క మీదికి తిప్పుతూ తోసి, చన్నీళ్లు పోయండి. గట్టిపడ్డాక మెలితిప్పి లాగితే మూతికి బిగువుగా పట్టే తొడుగు మీ చేతిలో ఉంటుంది. 32 పైపు 36 దాకా సాగడం కష్టమేమీ కాదు. గ్యాస్ స్టవ్ మంట మీద మాత్రం ఈ పని చేయకండి. పీవీసీ మాడితే వచ్చేది ఆమ్లపు పొగ, ముక్కూ కళ్లూ మండుతాయి. వేడి ముక్కను నేరుగా శాండర్ మూతి మీదికే తోయొద్దు కూడా, ఆ మూతి ప్లాస్టిక్ వంకరపోతే మార్చడం ఖర్చు.

తొడుగుకూ శాండర్ మూతికీ మధ్య కొద్దిగా వదులుంటే పాత సైకిల్ ట్యూబు చాలు. అంగుళం వెడల్పు పట్టీ కోసి, సాగదీస్తూ, పుత్తూరు కట్టు కట్టినట్టు వరస మీద వరస సగం ఎక్కేలా చుట్టండి. రబ్బరు కాబట్టి వణుకును తట్టుకుంటుంది, పట్టు జారదు. తొడుగు రెండో వైపు, ముడతల పైపు అందులోకి పోయేచోట ముడతల్ని మరలాగా తిప్పి ఎక్కించి, చుట్టూ సిలికాన్ పట్టించండి. పీవీసీ సొల్యూషన్ అక్కడ పనిచేయదు. ఆ పైపులు చాలావరకు వేరే రకం ప్లాస్టిక్, సొల్యూషన్‌కు అతుక్కోవు. మిషన్ వైపు అతుకును మాత్రం ఏ జిగురుతోనూ మూసేయకండి. అక్కడ పైపు తిరుగుతూ ఉండాలి, లేకపోతే మెలిక పడి శాండర్‌ను పక్కకు లాగుతుంది. శాండర్ తీసి రౌటర్‌కు పెట్టుకోవాలన్నా ఊడి రావాలి కదా.

లీకు ఉందేమో చూడటానికి అగరబత్తి పొగ పెట్టమని చెప్పేవాళ్లుంటారు. పొట్టు ఉన్న క్లీనర్ పక్కన నిప్పు ఎందుకు? దూది పోగు ఒకటి దారానికి కట్టి అతుకు చుట్టూ తిప్పండి. గాలి లోపలికి పోయేచోట పోగు వెళ్లి అతుక్కుంటుంది.

పైపును నేల మీద ఈడవద్దు. షెడ్డు పైకమ్మికి ఒక సైకిల్ ట్యూబు ముక్క కట్టి, దానికి పైపును వేలాడదీయండి. మీరు ముందుకు పోతే సాగుతుంది, వెనక్కి వస్తే లేస్తుంది. శాండర్ కరెంటు వైరును కూడా అదే పైపుకు అక్కడక్కడ వదులుగా కట్టేయండి. ముడతలు చెక్క అంచుకు తగిలి ఆగుతున్నాయని విసుగొస్తే, పాత లుంగీ గుడ్డతో పొడవాటి గొట్టం కుట్టించి పైపుకు తొడగండి. కంపెనీ పైపు మీద ఉండే నున్నటి తొడుగు పని అదీ చేస్తుంది.

ఇంకో మాట. శాండర్‌కు వేసే ఎమ్రీ చక్రం రంధ్రాలూ, అది అతుక్కునే మెత్త (ప్యాడ్) రంధ్రాలూ సరిగ్గా ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. ఎనిమిది రంధ్రాల మెత్తకు రంధ్రాల్లేని చక్రం వేసి, పైపు లాగడం లేదని నన్ను తిట్టుకుంటే నేనేం చేసేది?

మీరు చెప్పే పైపు లాంటిదే నేనూ వాడుతున్నా. ఎండాకాలంలో పైపు పట్టుకుంటే షాక్ కొడుతోంది. రాగి తీగ చుట్టి ఎర్త్ చేయమన్నారు. చేయాలా? దీనివల్ల పొట్టు పేలుతుందా? టెన్షన్‌గా ఉంది.
*– చంద్రగిరి పాఠకుడు*

ముందు అది ఏ షాకో తేల్చుకోండి. ఒక్కసారి చిటుక్కుమని, మళ్లీ కాసేపటిదాకా ఏమీ లేకపోతే అది స్టాటిక్. పొడి దుమ్ము ప్లాస్టిక్ గోడకు రాసుకుంటూ పోవడం వల్ల పుట్టేది, పొడి గాలిలో ఎక్కువ. అలా కాకుండా ముట్టుకున్నంతసేపూ జివ్వుమంటుంటే అది మిషన్‌లో కరెంటు లీకు. ఆ మిషన్‌ను ఇంక ముట్టుకోవద్దు, రిపేరుకు ఇచ్చేయండి.

స్టాటిక్ అయితే రాగి తీగ కొంతవరకు పనిచేస్తుంది. ప్లాస్టిక్ కరెంటును పోనివ్వదు కాబట్టి తీగ ఆనినచోటి చార్జి మాత్రమే దిగుతుంది, పైపు మొత్తంది కాదు. మీ చెయ్యి పడే చివరి అరమీటరులో దగ్గర దగ్గరగా చుట్టుకుంటే చాలు, చురుకు తగ్గుతుంది. రెండో కొసను ఎర్త్ ఉన్న ఇనుప బల్లకో, లోహపు బాడీ ఉండి మూడు పిన్నుల ప్లగ్గున్న క్లీనర్ బాడీకో కట్టండి. సాకెట్ రంధ్రంలో తీగ దూర్చే పని మాత్రం వద్దు. తీగను పైపు లోపలినుంచి లాగకండి, పొడవాటి చెక్కులు దానికి చుట్టుకుని పైపు మూసుకుపోతుంది.

పేలుడు గురించి. చిన్న షెడ్డులో, ఇంటి క్లీనర్‌తో, ఆ చిటుకుకు నేను భయపడను. నాకు భయం నిప్పురవ్వలతో. అదే క్లీనర్‌ను ఇనుము రుద్దే గ్రైండర్‌కు తగిలించేవాళ్లను చూశాను. ఎర్రటి ఇనుప రవ్వ పొట్టులో పడి, పైకి ఏమీ కనపడకుండా గంటలపాటు లోలోపల రాజుకుంటుంది. మీరు తాళం వేసి ఇంటికి పోయాక మంట లేస్తుంది. పాత తలుపులు కోసేటప్పుడు రంపానికి మేకు తగిలినా ఇదే ప్రమాదం. అలాంటి పని చేసిన రోజు క్లీనర్ డబ్బా ఖాళీ చేసి, పొట్టును మూతున్న ఇనుప డబ్బాలో వేసి బయట పెట్టి పోండి. ఇనుము పనికి ఈ క్లీనర్ వద్దే వద్దు.

మా ఇంటి పక్కనే మా ఆయన షెడ్డు. పైపు బాగానే కుదిరింది, బల్ల మీద దుమ్ము లేదు. కానీ క్లీనర్ వెనకనుంచి సన్నటి పొడి వచ్చి దండెం మీది బట్టలన్నీ తెల్లబడుతున్నాయి. బ్యాగు తీసేసి వాడుతున్నాడు, నిండిపోతోందని. మీరైనా చెప్పండి.
*– పుత్తూరు పాఠకురాలు*

చెప్తానమ్మా, ఈ ముక్క ఆయనకు చదివి వినిపించండి.

పైపు దుమ్మును ఒకచోటినుంచి ఇంకోచోటికి చేరుస్తుంది, అంతే. పట్టుకునేది బ్యాగు, ఫిల్టరు. బ్యాగు తీసేస్తే పెద్ద పొట్టు డబ్బాలో ఆగుతుంది, మెత్తటిది వెనకనుంచి చిమ్ముతుంది. ఊపిరితిత్తుల లోపలిదాకా పోయేది ఆ మెత్తటి పొడే. అది గంటలకొద్దీ గాలిలో తేలుతుంది, కంటికి కనపడదు. ఇంతకుముందు బల్ల మీద పడేది ఇప్పుడు ఇల్లంతా తిరుగుతోందన్నమాట. వేప చెక్క రుద్దిన రోజు ఆయన నోరు చేదుగా ఉంటుందేమో అడగండి. ఆ చేదు గొంతుదాకా ఎలా వచ్చింది మరి?

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్క పొడిని మనుషులకు క్యాన్సర్ కలిగించే వాటి మొదటి వర్గంలో పెట్టింది. ముక్కు, దాని చుట్టుపక్కల గదులకు వచ్చే క్యాన్సర్ అది. ఎండీఎఫ్‌లో అయితే చెక్కతోపాటు ఫార్మాల్డిహైడ్ జిగురు కూడా ఉంటుంది. మిమ్మల్ని భయపెట్టడానికి రాయడం లేదు. పైపుకు మిగిల్చిన డబ్బులో కొంత బ్యాగుకు పెట్టమని చెప్పడానికి.

కాగితం బ్యాగు బదులు గుడ్డలాగా ఉండే ఫ్లీస్ బ్యాగు కొనమనండి. చిరగదు, త్వరగా మూసుకుపోదు. వెనక హెపా ఫిల్టరు (అతి మెత్తటి పొడిని కూడా ఆపేది) పట్టే క్లీనరైతే అదీ పెట్టించండి. బ్యాగు ఊరికే నిండిపోతోందంటే మధ్యలో ఒక సైక్లోన్ డబ్బా పెట్టుకోవాలి. గాలి అందులో గుండ్రంగా తిరిగేసరికి బరువైన పొట్టు కింది బకెట్‌లో పడిపోతుంది, మెత్తటిదే క్లీనర్‌దాకా పోతుంది. సైక్లోన్ మూతలు ఆన్‌లైన్‌లో విడిగా అమ్ముతారు. కింద 20 లీటర్ల పెయింటు బకెట్ సరిపోతుంది, కానీ మందం గోడలున్నది చూసుకోవాలి. పైపు ఎక్కడైనా మూసుకుపోతే పలచటి బకెట్ లోపలికి నలిగిపోతుంది.

ఇంకా మేలైన పని, క్లీనర్‌నే షెడ్డు బయట, మీ దండెం లేని వైపు పెట్టించండి. గోడకు రంధ్రం చేసి పైపు లోపలికి తెచ్చుకుంటే మోత కూడా తగ్గుతుంది. వానకు తడవకుండా మీద రేకు ఉండాలి, గాలి ఆడాలి. ఇళ్లలో వాడే క్లీనర్ల మోటారు చాలావాటిలో లాగిన గాలితోనే చల్లబడుతుంది. బ్యాగు నిండి గాలి ఆగిందంటే మోటారు కాలుతుంది. మోత ఒక్కసారిగా సన్నగా, కీచుగా మారితే వెంటనే ఆపేయమనండి.

ఇవన్నీ చేసినా ఎన్95 మాస్కు ఉండాల్సిందే. సాయంత్రం కంప్రెసర్ గాలి కొట్టి షర్టు దులుపుకునే అలవాటు ఆయనకుంటే, అది ముందు మాన్పించండి.

మాది శ్రీకాళహస్తి దగ్గర మాధవమాల. కొయ్య బొమ్మలు చెక్కుతాం. ఉలితో చేసే పనికి దుమ్ము పెద్దగా రాదు గానీ, నగిషీలు నున్న చేయడానికి చిన్న గ్రైండర్ వాడితే ముఖం నిండా పొడే. దానికి పైపు తగిలించే మూతి లేదు. మూరెడు దూరంలో పైపు పెట్టి చూశాం, ఉపయోగం లేదు. ఎట్లా?
*– ఒక శిల్పి*

మీ గ్రైండర్‌కు పైపు కట్టే ప్రయత్నం వద్దు, చెయ్యి ఆడదు. పైపునే బొమ్మ దగ్గరికి తేవాలి. పాత టేబుల్ లైటు స్టాండు, మెడ ఎటు తిప్పితే అటు నిలిచేది, ఒకటి తీసుకోండి. బల్బు ఉండేచోట పెద్ద గరాటు బిగించి, గరాటు కాడకు పైపు తొడగండి. కిరసనాయిలు పోసే చిన్న గరాటు కాదు, బియ్యం సంచుల్లోకి పోసేంత వెడల్పుది. దాని అంచు చుట్టూ అట్టతోనో పలచటి ప్లైతోనో రెండంగుళాల రెక్క పెడితే వెనకవైపు గాలిని వృథాగా లాగకుండా ముందునుంచే లాగుతుంది.

గరాటు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. గాలిని ఊదితే చాలాదూరం పోతుంది, పీలిస్తే పోదు. పీల్చే నోరు ఎంత వెడల్పో అంత దూరం జరిగేసరికి గాలి వేగం దాదాపు పదో వంతుకు పడిపోతుంది. మీ ఉత్తరంలో రాసినట్టు మూరెడు దూరంలో పైపు పెట్టి ఉపయోగం లేదంటే, లేకపోవడం సహజమే. జానెడు లోపలికి తెండి. గ్రైండర్ పొడిని ఎటు చిమ్ముతుందో చూసుకుని ఆ వైపే పెట్టండి. దేవుడి ముఖం చెక్కేటప్పుడు బొమ్మను తిప్పుతూ ఉంటారు కదా, బొమ్మతోపాటు గరాటును కూడా తిప్పుకోవాల్సిందే, వేరే దారి లేదు.

ఇదే పైపుతో టైల్సు, గ్రానైట్ కోసే కట్టర్‌కు కూడా దుమ్ము లాగొచ్చా?
*– చిత్తూరు పాఠకుడు*

వద్దు. రాతి దుమ్ములో సిలికా ఉంటుంది. సిలికోసిస్ వస్తే తగ్గించే మందు లేదు. ఇంటి క్లీనర్ బ్యాగు ఆ దుమ్మును ఆపలేదు, మోటారు కూడా త్వరగా అరిగిపోతుంది. నీళ్లు పారిస్తూ కోయండి. నీళ్లు పోసినప్పుడు కరెంటు భద్రతకు ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చి) ఉన్న లైనులోనే కట్టర్ పెట్టండి. నీళ్లు కుదరని చోటైతే రాతి దుమ్ముకని ప్రత్యేకంగా చేసిన క్లీనరే కావాలి. అందులో చౌక దారి నాకు తెలిసినంతలో లేదు.

వారానికి రెండు మూడు బస్తాల పొట్టు పోగవుతోంది. ఊళ్లో వాళ్లు ఆవుల పాకలో పరచడానికి అడుగుతున్నారు. ఇవ్వొచ్చా?
*– పలమనేరు పాఠకుడు*

వేప, మామిడి, టేకు పొట్టయితే ఇవ్వండి, అదీ మేకులు, స్క్రూలు లేకుండా జల్లించి. మరీ మెత్తటి శాండర్ పొడి వద్దు, పశువుల ముక్కుల్లోకి పోతుంది. ప్లైవుడ్, ఎండీఎఫ్, పాలిష్ వేసిన చెక్క పొట్టు మాత్రం వేరే బస్తాలో పెట్టుకోవాలి. దాన్ని పాకలో పరచడానికి గానీ, ఎరువులో కలపడానికి గానీ, పొయ్యిలో వేయడానికి గానీ ఎవరికీ ఇవ్వకండి. మీ దగ్గర ఒకటే క్లీనర్ ఉంటే బ్యాగులు రెండు పెట్టుకోండి. చెక్క పనికి ఒకటి, ఎండీఎఫ్ పనికి ఒకటి. స్కెచ్ పెన్నుతో పైన రాసిపెడితే కుర్రవాళ్లు కలిపేయరు.